సినిమా కోసం కట్టిన పొయ్యి

తీఖన్ గడ్డం దువ్వుకుంటున్నాడు. అది చూసే గ్లఫీరాకి ఒళ్ళు మండింది.

ఆ గడ్డానికి దువ్వెన తగిలి ఎన్నేళ్ళయిందో ఆ ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. పెళ్ళిళ్ళకి వెళ్ళేటప్పుడు కూడా చేత్తో రెండుసార్లు నిమురుకుని బయల్దేరే మనిషి. అలాంటివాడు పగులుటద్దం ముందు నిలబడి, మెడ ఇటు తిప్పి, అటు తిప్పి, దువ్వెన నీళ్ళలో ముంచి మరీ దువ్వుతున్నాడు. మెడ కూడా సబ్బేసి కడుక్కున్నాడు. ఆ వాసన ఇల్లంతా కొడుతోంది.

"వెళ్ళేది పొయ్యి కట్టడానికా, పెళ్ళిచూపులకా?" అంది గ్లఫీరా.

"పొయ్యికే," అన్నాడు తీఖన్.

రోజు మొత్తం మీద అతను ఇంట్లో ఆడే నాలుగు మాటల్లో అదొకటి. ఇంకేం అడిగినా గోడకి చెప్పుకున్నట్టే. గ్లఫీరా బిర్చి చెట్టు బెరడు ముట్టించి పొయ్యిలోకి తోసింది. కట్టెలు అంటుకున్నాయి. పొగ గొట్టంలోకి పోయినట్టే పోయి, మనసు మార్చుకుని వెనక్కి తిరిగి, పొయ్యి నోట్లోంచి నేరుగా ఆమె ముఖం మీదికి వచ్చింది. రోజూ ఇదే భాగోతం. చేతులకి మసి కాబట్టి మణికట్టు వెనకభాగంతో ముందు ఎడమ కన్ను, తర్వాత కుడి కన్ను తుడుచుకుని, కుండల్ని పొయ్యిలోకి తోసే కొమ్ముల కర్రతో ఇనపకుండని లోపలికి నెట్టింది. వెనక్కి తిరిగేసరికి తీఖన్ మేకుకున్న టోపీ తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు. అదీ రోజూ ఉన్నదే. ఆమె పొయ్యి ముందు నిలబడిందంటే చాలు, ఆ మనిషికి ఇంట్లో కాలు నిలవదు.

నదికి ఈ ఒడ్డునా ఆ ఒడ్డునా ఉన్న ఊళ్ళన్నిటికీ పొయ్యిల మేస్త్రీ అంటే తీఖనే. అతను కట్టిన పొయ్యిలో చేరెడు పుల్లలు వేస్తే తెల్లారేదాకా ఇల్లు వెచ్చగా ఉంటుందని చెప్పుకుంటారు. సొంత ఇంట్లో పొయ్యికి మాత్రం పక్కన బారెడు పగులు. ఏటా ఆకు రాలే రోజుల్లో గుప్పెడు మట్టి దానికి పూసి, "చేస్తాలే," అంటాడు. ఆ మట్టి మంచు కురవకముందే రాలిపోతుంది. ఇప్పుడు మాత్రం, ఎవరూ వంట చెయ్యని, ఎవరూ వెచ్చగా పైనెక్కి పడుకోని, సినిమావాళ్ళ కెమెరాకి చూపించడానికి తప్ప దేనికీ పనికిరాని ఒక పొయ్యి కోసం అయ్యగారు పొద్దున్నే లేచి గడ్డం దువ్వుకుంటున్నాడు! గ్లఫీరా కుండ మీద మూత ఠంగున పడేసింది.

*

మధ్యాహ్నం సమష్టి క్షేత్రంలో పాలు పితికే పని అయ్యాక, గ్లఫీరా రొట్టె, పుట్టగొడుగుల కూర మూటగట్టుకుని ఊరి చివరికి బయల్దేరింది. పక్కింటి స్తేషా కూడా తోడొచ్చింది. అక్కడ తనకేం పని లేదు. పని లేని చోటే స్తేషా ముందుంటుంది.

"ఏమే గ్లాషా, ఆ పట్నం నటి మీ ఆయన పక్కనుంచి లేవడం లేదటగా? ఇటుకలు తనే అందిస్తోందట. నవ్వుతోందట. మీ ఆయనా నవ్వుతున్నాడట!"

"తీఖనా? నవ్వడమా?"

"నేనూ నమ్మలేదు తల్లీ. అందుకే నిన్న వెళ్ళి కళ్ళారా చూసొచ్చాను."

గ్లఫీరా అడుగులు కొంచెం వడివడిగా పడ్డాయి.

"అప్పుడే నా మాట వినుంటే బాగుపడేదానివి," అంది స్తేషా ఆయాసపడుతూ. "తెప్పలు నడిపే ఆ మిత్రొఫాన్‌ని చేసుకోవే అంటే విన్నావు కాదు. దుంగలు నదిలో వదిలేసి నీ చుట్టూ తిరిగాడు కదే ఆ పిచ్చోడు."

"ఎవడు? ఆ ఎత్తుపళ్ళవాడా?"

"ఎత్తుపళ్ళేంటే! గిరజాల జుట్టు! బంగారంలాంటి పిల్లాడు!"

"ఏమోనే, నాకు వాడి ముఖం కూడా గుర్తులేదు," అంది గ్లఫీరా. నిజంగానే గుర్తులేదు.

ఊరి చివర చాలాకాలంగా ఖాళీగా పడి ఉన్న ఇల్లు సినిమావాళ్ళు తీసుకున్నారు. లెనిన్‌గ్రాద్ నుంచి రెండు లారీలు వేసుకొచ్చి వాళ్ళు చేస్తున్న పనులు చూస్తే ఊళ్ళోవాళ్ళకి నవ్వాలో ఏడవాలో తెలీడం లేదు. కంచెకి బూడిదరంగు వేశారు. మర్నాడు దాన్ని గీకేశారు. ఆ మర్నాడు కంచే పీకేశారు. ఇప్పుడు ఒకతను వీపు మీద తలుపొకటి మోసుకుంటూ, కోసేసిన చేను మధ్యలోంచి నడుస్తున్నాడు. చివరిదాకా వెళ్ళాక దర్శకుడు చెయ్యూపితే మళ్ళీ మొదటికి వస్తున్నాడు. దర్శకుడు వదీమ్ అర్కాద్యెవిచ్ పొడుగ్గా, సన్నగా, మెడకి నాలుగు చుట్లు చుట్టిన గుడ్డతో, పొద్దున్నించి టీ కూడా తాగకుండా నిలబడి ఉన్నాడు.

"కథేంటో కనుక్కున్నాను," అంది స్తేషా. "ఒక ఆడమనిషి ఎదురుచూస్తుందట."

"ఎవరికోసం?"

"అది చెప్పరట. సినిమా అయిపోయినా తెలీదట."

"పోనీ, వస్తాడా వాడు?"

"రాడట!"

"రానివాడి కోసం జనం టికెట్టు కొనుక్కుని కూర్చుంటారా?" అంది గ్లఫీరా. తలుపు మోసేవాడు కూడా విని నవ్వాడు.

ఇంటి కిటికీకి ఇంకా అద్దాలు బిగించలేదు. అక్కడే గ్లఫీరా కాళ్ళు ఆగిపోయాయి. లోపల సగం కట్టిన పొయ్యి. దాని ముందు ఇటుకల మీద కూర్చుని తీఖన్ మాట్లాడుతున్నాడు. ఒక మాట కాదు, రెండు మాటలు కాదు, ధారగా మాట్లాడుతున్నాడు. మట్టి చేతులు గాల్లో ఆడిస్తూ ఏదో చూపిస్తున్నాడు. ఎదురుగా ఆ నటి రెగీనా, మగవాళ్ళ పంట్లాం తొడుక్కుని, చెంప మీద మట్టి మరకతో, కళ్ళార్పకుండా వింటోంది. ఆవిడ చెయ్యెత్తి ఏదో చేసి చూపించింది. తీఖన్ అడ్డంగా తలూపాడు. లేచి ఆవిడ మణికట్టు పట్టుకున్నాడు. పట్టుకుని, మెల్లిగా వంచి, ఆవిడ ముఖం దాకా ఎత్తాడు.

గ్లఫీరాకి గుండెల్లో ఎవరో నిప్పు పోసినట్టయింది. పెళ్ళయ్యాక తన చెయ్యి అంత మెల్లిగా ఎప్పుడు పట్టుకున్నాడో ఆలోచించింది. ఎంత ఆలోచించినా తట్టలేదు.

లోపలికి వెళ్ళేసరికి ఇద్దరూ టక్కున ఆపేశారు. తీఖన్ చెయ్యి వదిలేసి తాపీ అందుకున్నాడు.

"అక్కడ పెట్టు," అన్నాడు.

రెగీనా మాత్రం కళ్ళు తిప్పుకోలేదు. గ్లఫీరా మూట విప్పుతుంటే ఆమె చేతులు, తలగుడ్డ ముడి, నిలబడే తీరు, అన్నీ సంతలో ఆవుని చూసినట్టు చూసింది.

"ఏం చూస్తున్నావమ్మా, నా మీదేమైనా రాసుందా?" అంది గ్లఫీరా.

"క్షమించండి," అని ఆవిడ సిగ్గుపడి తల దించుకుంది. ఆ సిగ్గు చూసి గ్లఫీరాకి ఇంకా మండింది. తప్పు చెయ్యనిదానికి సిగ్గెందుకు?

*

సాయంత్రం తీఖన్ క్యాబేజీ సూపు తాగుతుంటే ఆమె ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడింది.

"ఏం మాట్లాడతావు ఆవిడతో పొద్దస్తమానం?"

"పొయ్యి గురించి."

"పొయ్యి గురించి చెప్పడానికి చెయ్యి పట్టుకోవాలా?"

చెంచా నోటి దగ్గర ఆగింది. "చూశావా?"

"నేనొక్కదాన్నే ఏంటి, ఊరంతా చూస్తోంది. కళ్ళు లేనివాళ్ళెవరూ లేరిక్కడ."

"అది వేరు," అన్నాడు తీఖన్.

"ఏం వేరు?"

"సినిమా పని." చెంచా బల్ల మీద పెట్టేసి, రొట్టె ముక్క కూడా అలాగే వదిలేసి వెళ్ళి బెంచీ మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు.

గ్లఫీరా ఆ వీపుకేసి చూస్తూ కూర్చుంది. పొయ్యి పగుల్లోంచి సన్నగా దారంలా పొగ వస్తోంది. ఆ దారం పైకి లేచి దూలం దాకా పోయింది. ఆ సినిమా ఇంటి పొయ్యిలో ఇటుక ఇటుకకీ మధ్య వెంట్రుక దూరదు. ఇక్కడ చెయ్యి దూరుతుంది. తనకీ, ఆ పట్నం దానికీ ఉన్న తేడా ఇదేనన్నమాట అనుకుంది.

అప్పుడే ఆమెకి తండ్రి ప్రోఖర్ గుర్తొచ్చాడు. ఆయనా పొయ్యిల మేస్త్రీనే. తీఖన్‌కి పని నేర్పింది ఆయనే. ఎవరైనా అవమానిస్తే ప్రోఖర్ పల్లెత్తు మాట అనేవాడు కాదు. సీసా మెడ విరగ్గొట్టి, వాళ్ళింటి పొగగొట్టం అంచున మట్టిలో పాతి, దణ్ణం పెట్టి వచ్చేసేవాడు. గాలి తిరిగిందంటే ఆ ఇంట్లో పొయ్యి తోడేలులా ఊళపెట్టేది. పిల్లలు జడుసుకునేవాళ్ళు. ఇంటాయన టోపీ చేత్తో పట్టుకుని ప్రోఖర్ గుమ్మం ముందుకి వచ్చేదాకా అది ఆగేది కాదు. మిగతా మేస్త్రీలు ఒక్క మెడ పెట్టేవాళ్ళు. ప్రోఖర్ రెండు పెట్టేవాడు. పెద్దది ఊళపెడుతుంది, చిన్నది వెక్కుతుంది. చిన్నప్పుడు ఆ సీసాలు మోసుకెళ్ళింది గ్లఫీరానే.

*

మర్నాటికి పొయ్యి పూర్తయింది. సినిమావాళ్ళంతా భోజనానికి వెళ్ళారు. తీఖన్ చేతులు కడుక్కోవడానికి నది ఒడ్డుకి దిగాడు. నిచ్చెన కప్పుకి ఆనించే ఉంది.

గ్లఫీరా గోనెగుడ్డలో చుట్టిన రెండు సీసా మెడలు దూదికోటు లోపల పెట్టుకుని నిచ్చెనెక్కింది. గొట్టం అంచున మట్టి ఇంకా తడిగానే ఉంది. వేలితో తవ్వి పెద్ద మెడ నది వైపుకి తిప్పి పెట్టింది. పక్కనే చిన్నది, కాస్త ఏటవాలుగా. పైన మట్టి మెత్తి బొటనవేలితో నునుపు చేసింది. నాన్న ఉంటే బాగా పెట్టావనేవాడు. కిందికి చూస్తే నది, ఒడ్డున గడ్డం కడుక్కుంటున్న మొగుడు కనబడ్డారు.

"కడుక్కో, కడుక్కో," అంది పళ్ళు బిగబట్టి. "ఆవిడకి కట్టిన పొయ్యి ఎలా పాడుతుందో విందువుగాని."

దిగి వచ్చాక, చాలాకాలం తర్వాత, ఆమెకి కరకరా ఆకలేసింది.

*

రెండురోజులు గాలి లేదు. మూడోరోజు పొద్దున్నే నది మీద నుంచి పొట్టేలులా పొడుచుకుంటూ వచ్చింది. ఆరోజే పొయ్యి ముందు షూటింగు. ఊళ్ళో ఆడవాళ్ళంతా ఇంటి ముందు చేరారు. గ్లఫీరా, స్తేషా వసారాలో చోటు సంపాదించారు. తెరిచిన తలుపులోంచి లోపల పొయ్యి, దాని ముందు గ్రామస్తురాలి వేషంలో రెగీనా స్పష్టంగా కనబడుతున్నారు.

కట్టెలు అంటించారు. చుక్క పొగ బయటికి రాలేదు. మంట గలగలమంటూ లోపలికి పోయింది. తీఖన్ మూల నిలబడి గడ్డం నిమురుకున్నాడు. అంతలో పొయ్యి గొంతు సవరించుకుంది. ముందు గుర్రుమంది. తర్వాత గాలి బలంగా కొట్టేసరికి ఊళపెట్టింది. ఆ ఊళ సన్నబడుతున్నకొద్దీ దాని వెనకే ఇంకో గొంతు వెక్కివెక్కి ఏడ్చింది.

దీపం పట్టుకున్న కుర్రాడు శిలువ గుర్తు వేసుకున్నాడు. వాకిట్లో ఆడవాళ్ళు గొల్లుమన్నారు.

"అయ్యయ్యో, మేస్త్రీ పగ పట్టాడే!"

"సీసా పెట్టాడు! ఏం చేశారమ్మా ఆయన్ని?"

"ఇలాంటోణ్ణా నేను వచ్చే నెల మా ఇంటికి పిలిచింది?"

సినిమావాళ్ళ మేనేజరు ఎర్రగా కందిపోయి తీఖన్ మీదికి వచ్చాడు. "ఏంటయ్యా ఇది? ఏం చేశావు?"

తీఖన్ వాకిట్లోకి వచ్చి, తలెత్తి పొగగొట్టం వైపు చూస్తూ చెవి ఒగ్గాడు. పెద్ద గొంతు. తర్వాత చిన్న గొంతు. అతని ముఖంలో రంగు మారింది. నెమ్మదిగా తల తిప్పి వసారాలో ఉన్న భార్యని చూశాడు. కోపంగా కాదు, ఎన్నాళ్ళ తర్వాతో కలిసిన మనిషిని చూసినట్టు చూశాడు. గ్లఫీరా తలగుడ్డ కొస నోట్లో కుక్కుకుంది. తెలిసిపోయింది. ఇప్పుడు చెప్పేస్తాడు. ఊరందరి ముందూ వేలు పెట్టి చూపిస్తాడు.

"నేనే పెట్టాను," అన్నాడు తీఖన్.

"ఎందుకు?"

"కోపమొచ్చింది."

ఆడవాళ్ళు నోళ్ళు నొక్కుకున్నారు. మేస్త్రీ నోటితోనే ఒప్పుకున్నాక ఇంక అతన్ని ఏ ఇంటివాళ్ళు గుమ్మం తొక్కనిస్తారు? ఆ సంగతి అందరికంటే అతనికే బాగా తెలుసు.

"ఎక్కి తీసెయ్, ఇప్పుడే!" అని మేనేజరు అరుస్తుండగా దర్శకుడు చెయ్యెత్తాడు. ఆయన కళ్ళు మూసుకుని ఆ ఏడుపు వింటున్నాడు.

"ఎవరూ కదలొద్దు. కెమెరా నడపండి."

పొయ్యి ఒక్కటే ఊళపెడుతోంది. రెగీనా కుండ మూత తీసి ఊదింది. మూత మళ్ళీ పెడుతూ చిటికెనవేలు ఎడంగా పట్టుకుంది. పొయ్యి పక్కకి అరచెయ్యి కాదు, చేతి వెనకభాగం ఆనించి వేడి చూసింది. కొమ్ముల కర్ర మీద గడ్డం ఆనించి మంటలోకి చూస్తూ అలా నిలబడిపోయింది. కాసేపయ్యాక మణికట్టు వంచి, దాని వెనకభాగంతో ముందు ఎడమ కన్ను తుడుచుకుంది. తర్వాత కుడి కన్ను.

"ఒసేయ్!" అంది స్తేషా ఉలిక్కిపడి, గుసగుసగానే. "అది నువ్వే!"

గ్లఫీరాకి ముందే తెలిసిపోయింది. ఆ చిటికెనవేలు తనది. ఆ నిలబడడం తనది. తనకే తెలియని తన ఒళ్ళు అక్కడ ఇంకొకత్తె తొడుక్కుని తిరుగుతోంది. అంటే ఇటుకల మీద కూర్చుని తీఖన్ ధారగా చెప్పింది ఇదా? మణికట్టు పట్టుకుని నేర్పింది ఇదా? ఇంట్లో ఒక్కసారీ తలెత్తి చూడని మనిషి ఇదంతా ఎప్పుడు చూశాడు?

ఇంకొకటి కూడా ఆమెకి అంతుపట్టలేదు. ఆ పొయ్యి పొగ చిమ్మడం లేదు. మరి ఆవిడ కళ్ళెందుకు తుడుచుకుంటోంది?

కెమెరా ఆగింది. గ్లఫీరా వసారాలోంచి గదిలోకి వచ్చేసింది. "ఆ సీసాలు పెట్టింది నేను! ఆయన కాదు. వినబడిందా అందరికీ? ప్రోఖర్ కూతుర్ని, నేను పెట్టాను!"

దర్శకుడు ఆమెకేసి తిరిగాడు. "ఎందుకు పెట్టారు?"

"ఒళ్ళు మండి."

"అదే," అన్నాడాయన ఎంతో సంతోషంగా. "సరిగ్గా అదే వినబడుతోంది."

*

తీఖన్ ఇంటికి వచ్చేసరికి ఆమె బల్ల దగ్గర కూర్చుని ఉంది. దీపాలు పెట్టే వేళ ఇంకా కాలేదు. అతను టోపీ తియ్యకుండానే గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"చిన్న మెడ కొంచెం ఎక్కువ వంచావు," అన్నాడు. "మామయ్య అయితే ఇంకాస్త నిటారుగా పెట్టేవాడు."

"మాట మార్చకు. ఆవిడకి నన్నెందుకు నేర్పావు?"

"దర్శకుడు అడిగాడు. రానివాడి కోసం ఎదురుచూసే ఆడది పొయ్యి ముందు ఎలా నిలబడుతుందో ఈ అమ్మాయికి ఎవరైనా చూపించండి అన్నాడు." తీఖన్ బొటనవేలి గోట్లో మట్టి గీక్కున్నాడు. "నాకు తెలిసింది నువ్వొక్కదానివే."

గ్లఫీరాకి అర్థం కాలేదు. "నేను ఎవరికోసం ఎదురుచూస్తున్నాను?"

అతను గోరు గీక్కుంటూనే ఉన్నాడు.

"చెప్పు! ఎవరికోసం?"

"మిత్రొఫాన్ కోసం."

"ఎవడు?"

"వాడే. తెప్పలవాడు." ఆ పేరు పలకడానికి అతని నోరు తిరగడం లేదు. "పెళ్ళయిన మొదటి చలికాలం నుంచీ చూస్తున్నాను. రోజూ పొద్దున్నే మంట వెలిగించి అందులోకి చూస్తావు. కళ్ళు తుడుచుకుంటావు. నేనేం అడగను? ఏమని అడగను? నువ్వలా నిలబడితే నేను ఇంట్లో ఉండలేకపోయేవాణ్ణి. టోపీ తీసుకుని పోయేవాణ్ణి."

గ్లఫీరా లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళి ఆ పగుల్లో చెయ్యి పెట్టి, నల్లగా మసిబారిన నాలుగు వేళ్ళూ అతని ముక్కు ముందు పెట్టింది.

"పొగ, తీఖన్."

అతను ఆ వేళ్ళకేసి చూశాడు.

"పొగ! నువ్వు బాగుచెయ్యని పొయ్యి పొగ! మిత్రొఫానంట, మిత్రొఫాను! వాడికి ఎత్తుపళ్ళో గిరజాల జుట్టో కూడా నాకు గుర్తులేదు! ఇన్నేళ్ళూ నా కళ్ళు మంటలెత్తిపోతుంటే నువ్వు బయట నిలబడి వాణ్ణి తిట్టుకుంటున్నావా? ఊళ్ళో ప్రతి ఇంటి పొయ్యినీ బాగుచేసే మేస్త్రీవి కదా నువ్వు! నీ ముక్కుకి పొగ వాసన తగల్లేదా?"

"వెలిగించేసరికి వెళ్ళిపోయేవాణ్ణి కదా," అన్నాడు తీఖన్ గొణుగుతూ.

ఆమెకి నవ్వొచ్చింది. నవ్వుతూనే తలగుడ్డ లాగి అతని మీదికి విసిరింది. విసిరాక ఏడుపొచ్చింది. తీఖన్ బల్ల అంచు పట్టుకుని మెల్లిగా కూర్చుని, తల రెండు చేతుల్లో పెట్టుకున్నాడు.

*

సినిమావాళ్ళు లారీలెక్కిన మర్నాడే తీఖన్ ఆ పొయ్యిని ఇటుక ఇటుకగా విప్పి, బండి మీద వేసుకుని ఇంటికి తెచ్చాడు. పాత పొయ్యి కూలగొట్టాడు. ఇల్లంతా మసి, మట్టి. గ్లఫీరా పాలు పితకడానికి వెళ్ళొచ్చి, చేతులు కడుక్కోకుండానే ఇటుకలందించింది. ఒకసారి ఇటుక అందుకుంటూ అతను ఆమె మణికట్టు పట్టుకుని కాసేపు వదల్లేదు.

"ఆవిడ బాగా అందించేదా, నేనా?" అంది గ్లఫీరా.

"ఆవిడ."

ఆమె రెండో ఇటుక అతని కాలి మీద పడేస్తానని బెదిరించింది.

మట్టి ఆరిన రోజు పొద్దున్నే గ్లఫీరా బెరడు ముట్టించి లోపలికి తోసింది. తీఖన్ బెంచీ మీద కూర్చుని చూస్తున్నాడు. కట్టెలు అంటుకున్నాయి. పొగ బుద్ధిగా గొట్టంలోకి పోయింది. ఒక్క పీలిక కూడా బయటికి రాలేదు. ఆమె కుండని లోపలికి నెట్టి, మంటలోకి చూస్తూ నిలబడింది.

అప్పుడు ఆమె చెయ్యి దానంతటదే లేచింది. మణికట్టు వంగింది. ముందు ఎడమ కన్ను. తర్వాత కుడి కన్ను.

వెనకనుంచి బెంచీ కిర్రుమంది. గ్లఫీరా తిరిగి చూసింది. తీఖన్ లేచి నిలబడి ఉన్నాడు. మేకుకున్న టోపీ అప్పుడే అతని చేతిలోకి వచ్చేసింది.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

తీఖన్ టోపీ మళ్ళీ మేకుకి తగిలించి, వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు.